మూత లోపలి గుర్తులు

జూన్ 6, గురువారం

డాక్టరు భార్య షాపుకు వచ్చింది. ఏ రోజు వచ్చినా నాకు ఒకటే. కానీ గురువారమే వచ్చింది.

పళ్ళ డాక్టరుకు గురువారం సెలవు. నాలుగింటికి వచ్చి, నా బల్ల పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఆరింటిదాకా నా బుర్ర తినేవాడు. ఇరవై ఏళ్ళు తిన్నాడు. పోయి రెండు నెలలైంది.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి రుమాలు మడత తీసి, విప్పి, వాడి వాచీ నా ముందు పెట్టింది.

“అన్నయ్యగారూ, ఇది ఆగిపోయింది. అమ్మాయి కట్టుకుంటానంటోంది. కంపెనీకే పంపిద్దామంటోంది. అక్కడైతే గ్యారంటీ ఇస్తారట, కొత్తదానిలా చేసిస్తారట. మీరేమో ఇంటి మనిషి. నాకేం తెలుసు? మీరు ఏది చెబితే అదే.”

“ఇక్కడ ఉంచమ్మా, చూసి చెప్తాను” అన్నాను. చాలా మామూలుగానే అన్నాను. టీ తెప్పించాను. ఆవిడ తాగలేదు. స్టూలు చూపించాను. కూర్చోలేదు, నిలబడే మాట్లాడి వెళ్ళిపోయింది.

వాచీ డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. అంత ఖరీదైన వాచీ బయట పెట్టకూడదు కదా. అందుకే.

జూన్ 7, శుక్రవారం

ఆవిడ సలహా అడిగింది. సలహా న్యాయంగా ఉండాలి. తొమ్మిదేళ్ళు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లోనే పనిచేసి బయటికొచ్చి షాపు పెట్టుకున్నవాణ్ణి. నాకంటే బాగా చెప్పగలిగేవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు?

కంపెనీలో అసలు స్పేర్లు ఉంటాయి. మాలాంటి బయటివాళ్ళకు ఒక్క పళ్ళచక్రం కూడా అమ్మరు, కాళ్ళావేళ్ళా పడ్డా అమ్మరు. దుమ్ము లేని అద్దాల గది ఉంటుంది. నీళ్ళు లోపలికి పోతాయో లేదో చూసే మెషిన్లు ఉంటాయి. అదంతా నిజమే, కాదనను. కానీ పాత వాచీ వాళ్ళ చేతిలో పడిందంటే ఇక అంతే సంగతులు. పాలిష్ పెట్టి అంచులన్నీ అరగదీసేస్తారు. ముళ్ళు మార్చేస్తారు. తీసేసిన పాత భాగాలు తిరిగివ్వరు. డాక్టరు చేతికి ముప్పై ఏళ్ళు ఉండి పడిన గీతలన్నీ ఒక్క పూటలో పోతాయి. పంపేది నాన్న వాచీ, తిరిగొచ్చేది కొట్లో కొన్న వాచీ. ఆ పిల్లకు కావలసింది ఏది?

పైగా నాలుగు నెలలు పడుతుంది.

న్యాయంగానే రాశాను. కావాలంటే ఎవరినైనా అడగండి.

ఎవరిని అడగమంటున్నానో! ఈ పుస్తకం చదివేది నేనొక్కణ్ణే.

జూన్ 8, శనివారం

పొద్దున డ్రాయరు తీస్తే వాచీ నడుస్తోంది.

చేతి కదలికకే కీ ఎక్కే రకం అది. డ్రాయరు లాగిన కుదుపుకు కదిలి ఉంటుంది. ముళ్ళు మాత్రం ఆగి ఉన్న చోటు నుంచి నలభై నిమిషాలు ముందుకు పోయి ఉన్నాయి. డ్రాయరు లాగి నలభై సెకన్లు కూడా కాలేదు.

రోడ్డు మీద లారీలు పోతుంటాయి. బల్ల అదురుతుంది. అంతే.

జూన్ 10, సోమవారం

ఆవిడకు ఫోను చేసి నా సలహా చెబుదామంటే కూతురు ఎత్తింది. ఆ పిల్లకు నాన్న నోరే వచ్చింది.

“మామయ్యా, మీ మీద నమ్మకం లేక కాదు. వాళ్ళు మొదటిరోజే విప్పి, ప్రతి భాగం పెద్దదిగా ఫోటో తీసి రిపోర్టు పంపిస్తారట. ఏది మొదటినుంచీ ఉన్నది, ఏది తర్వాత వచ్చిందీ అన్నీ రాస్తారట. నాకు అది బాగా నచ్చింది. తాతయ్య దగ్గర్నుంచి నాన్నకు వచ్చింది కదా, దాని చరిత్ర అంతా ఒక కాగితం మీద ఉంటుంది.”

“అవన్నీ ఆర్భాటాలమ్మా! ఆ రిపోర్టు చదివి నువ్వేం చేస్తావు? నాలుగు నెలలు తిప్పుతారు. అంచులు అరగదీస్తారు. నా చేతులతో చేసిస్తాను. మీ నాన్న మొహం చూసైనా నా దగ్గర ఉంచు.”

మీ నాన్న మొహం చూసైనా. ఈ నోరు ఎలా తిరిగిందో నాకు తెలీదు.

“సరే, అమ్మతో మాట్లాడతాను” అంది పిల్ల. గొంతులో ఉత్సాహం తగ్గింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫోను పెట్టేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. “ఎవరి వాచీ గురించీ మీరింత సేపు వాదించగా వినలేదు. ఆ పిల్ల కంపెనీకి పంపితే మధ్యలో మీకేం పోయింది?”

“నీకేం తెలుసు ఈ పని సంగతి?” అన్నాను.

“పని సంగతి తెలీదు. మీ సంగతి తెలుసు” అని లోపలికి పోయింది.

జూన్ 11, మంగళవారం

రాసేస్తే పోతుందేమో.

పదకొండేళ్ళ కిందట, ముసురు పట్టిన రోజుల్లో, డాక్టరు వాచీ సర్వీసుకు ఇచ్చాడు. డైలు మీద పన్నెండు అంకె కింద మరక ఉంది, మెంతిగింజంత. పాత డైలు మీద అక్షరాలు పలచటి వార్నిష్ పొర మీద అద్ది ఉంటాయి. దానికి తడి తగలనివ్వకూడదు. పని నేర్చుకునే మొదటి వారంలో చెప్పే మాట ఇది. చిన్న పిల్లాడికి పొయ్యి ముట్టుకోవద్దని చెప్పడం లాంటిది. అయినా నేను దూదిపుల్ల తడిపి ఒక్క చుక్క అద్దాను. అప్పటికి ఎన్ని డైళ్ళు చూశాను! నా చెయ్యి నాకు తెలుసు అనుకున్నాను. పొగరు.

మరక పోయింది. దానితో పాటు కంపెనీ పేరు సగం పోయింది. పేరు కింద బుల్లి లంగరు బొమ్మ మొత్తం పోయింది.

డాక్టరు నాన్నగారు ఓడలో ఇంజనీరు. ఆ ఓడలవాళ్ళు తమ మనుషులకు ఇవ్వడానికి ప్రత్యేకంగా లంగరు గుర్తుతో వేయించిన వాచీలు అవి. ఆ లంగరు చూపించి డాక్టరు గొప్పలు పోయేవాడు. “మా నాన్న దగ్గర నాకు దొరికింది ఈ లంగరొక్కటేనోయ్, మిగతాదంతా సముద్రంలోనే ఉంది” అనేవాడు. ఆ లంగరు దూది మీద నల్లగా, చీమంత అయి కూర్చుంది.

వెంటనే చెప్పాల్సింది. ఫోను కూడా చేశాను. “ఏమోయ్ గడియారం, అయిపోయిందా?” అన్నాడు. నన్ను అలాగే పిలిచేవాడు. “ఇంకో పది రోజులు” అన్నాను.

ఆ పది రోజుల్లో డైళ్ళు మళ్ళీ వేసే ఒకతనికి పంపించి, ఉన్నదంతా గీకించి, పాత ఫోటో చూసి కొత్తగా అద్దించాను. బాగా చేశాడు. మామూలు కంటికి అంతుపట్టదు. డాక్టరు కట్టుకుని, వెలుతురులోకి తిప్పి చూసుకుని, “కొత్త పెళ్ళికొడుకులా ఉందే!” అన్నాడు. నేను నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉంటే చెప్పగలిగేవాణ్ణి. నవ్వాక ఇక నోరు రాలేదు.

కంపెనీవాళ్ళకు మొదటి ఫోటోలోనే తెలిసిపోతుంది. ‘డైలు అసలుది కాదు, బయట తిరిగి వేయించారు’ అని రిపోర్టులో మొదటి వాక్యమే రాస్తారు. ఎలా రాస్తారో నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ళు ఆ వాక్యాలు రాసింది నేనే. వెనక మూత లోపల పదకొండేళ్ళ నాటి తేదీతో నా గుర్తు ఉంది. ఆవిడకు ఇంక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రాశాను. పోలేదు.

జూన్ 13, గురువారం

నాలుగింటికి స్టూలు కిర్రుమంది. కంటికి బిగించుకున్న భూతద్దం తియ్యకుండానే “రా” అన్నాను. ఇరవై ఏళ్ళ అలవాటు, నోటికేం తెలుసు పాపం. తలెత్తితే ఎవరూ లేరు.

పాత చెక్క. ఎండకు అలాగే చప్పుళ్ళు చేస్తుంది.

కాసేపటికి బ్యాటరీ వేయించుకోవడానికి ఒకాయన వచ్చి స్టూలు మీద కూర్చోబోయాడు. “అక్కడ వద్దండీ!” అని అరిచాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. “మనిషి ఉన్నాడు” అనబోయి, “అది విరిగింది” అన్నాను. విరగలేదు. ఆయన వెళ్ళాక దాన్ని వెనక గదిలో పెట్టాను.

అక్కడ కూడా కిర్రుమంది.

జూన్ 14, శుక్రవారం

ఆవిడ ఫోను చేసింది. “మీ దగ్గరే కానివ్వండి అన్నయ్యగారూ. అమ్మాయికి నేను నచ్చజెప్పాను. ఆయన మీ చేతికి తప్ప ఇవ్వరు కదా” అంది.

హమ్మయ్య అనుకున్నాను. ఇక్కడ సర్వీసు చేసిస్తే మళ్ళీ ఏడెనిమిదేళ్ళు దాని జోలికి ఎవరూ పోరు. అప్పటికి నేను ఉంటానో లేదో. ఇది ఆ పిల్లకూ మంచిదే. ఆ లంగరు చూసుకుని మురిసిపోతుంది. నిజం చెబితే ఏం మిగులుతుంది దానికి? నేను దాచేది నా కోసం కాదు, ఆ పిల్ల కోసం.

ఈ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. బాగానే ఉంది.

మధ్యాహ్నం షట్టరు సగం దించి వాచీ విప్పాను.

వెనక మూత తీసి లోపలివైపు దీపం కింద పెట్టాను. సర్వీసు చేసినవాడు సూదిమొనతో మూత లోపల తన గుర్తు, తేదీ గీసి మూయడం మా పనిలో ఆనవాయితీ. వాచీ కట్టుకునేవాడికి అవి ఎప్పటికీ కనిపించవు. తర్వాత విప్పే మేస్త్రి కోసం అవి. పైన డాక్టరు నాన్నగారి కాలం నాటివి మూడు గుర్తులు ఉన్నాయి, అరిగిపోయి. వాటి కింద నా త్రికోణం ఉంది.

నా కింద ఇంకోటి ఉంది.

చిన్న చేప. పక్కన తేదీ, తొమ్మిదేళ్ళ కిందటిది.

నా తర్వాత ఈ వాచీ ఇంకెవరికీ ఇవ్వలేదనే అనుకున్నాను. నేనే అడిగేవాణ్ణి మాటవరసకు, “సర్వీసు చెయ్యమంటావా?” అని. “నడుస్తోందిగా, ఎందుకోయ్ కెలకడం” అనేవాడు. నేనూ పైకి సరేననేవాణ్ణి, లోపల బతికిపోయాననుకునేవాణ్ణి.

ఆ చేప ఎవరిదో నాకు తెలుసు. నాకు పని నేర్పిన మనిషిది.

జూన్ 15, శనివారం

షాపు తెరవలేదు.

జూన్ 17, సోమవారం

బస్‌స్టాండు వెనక సందులో బాబాయి ఇంటికి వెళ్ళాను. వరస కలిసి బాబాయి కాదు, పని నేర్చుకునేటప్పటి నుంచీ అలాగే పిలుస్తాను. ఎనభై మూడేళ్ళు. చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. బుర్ర మాత్రం ఇప్పటికీ సెకను తప్పదు.

“వచ్చాడ్రా, పళ్ళ డాక్టరు. నీకు కంటి ఆపరేషన్ అయి షాపు మూసిన రోజుల్లో. అద్దం కింద ఆవిరి పట్టిందని తెచ్చాడు. విప్పి చూశాను. డైలు మళ్ళీ వేయించారు బాబూ, మీకు తెలుసా అన్నాను.”

“నువ్వెందుకు చెప్పావు బాబాయ్?”

“అదేం ప్రశ్నరా! కంటికి కనబడింది చెప్పకుండా ఎలా మూస్తాం? ఆ మాత్రం నీకు నేర్పలేదూ నేను?”

ఆయన పక్కనున్న మందుసీసాల మీద పేర్లు చదువుతూ కూర్చున్నాను.

“ఏమన్నాడు?”

“మూత చేతిలోకి తీసుకుని నీ త్రికోణం చూశాడు. తర్వాత నవ్వాడు. ‘అతనే చెప్తాడు లెండి, ఏదో ఒక రోజు’ అన్నాడు. చెప్పే ఉంటావు కదూ?”

“ఆఁ, చెప్పాను” అన్నాను.

ఎనభై మూడేళ్ళ మనిషి కళ్ళలోకి చూసి చెప్పాను. “మంచి పని చేశావురా” అని నా చెయ్యి నొక్కాడు. ఆ వణుకు ఇంకా నా చేతిలోనే ఉంది.

జూన్ 18, మంగళవారం

తొమ్మిదేళ్ళు. ఏడాదికి యాభై గురువారాలు వేసుకున్నా నాలుగు వందల యాభై.

స్టూలు మీద కూర్చోగానే చేతి వాచీ తీసి, డైలు పైకి వచ్చేలా బల్ల మీద మా ఇద్దరి మధ్య పెట్టేవాడు. “మణికట్టు నొప్పోయ్” అనేవాడు. నేను నమ్మాను. రోజంతా పళ్ళు పీకే చెయ్యి, నొప్పి ఉండదా అనుకున్నాను. మొదట్లో అలా పెట్టేవాడు కాదు. ఎప్పుడు మొదలైందో నాకు గుర్తొచ్చింది. నా కన్ను బాగై షాపు తెరిచాక మొదలైంది.

ఇంకో మాట కూడా అనేవాడు. “నోరు తెరవగానే పాడైన పన్ను ఏదో నాకు తెలిసిపోతుంది. అయినా నేను గుచ్చను. ఎక్కడ నొప్పో వాడే చెప్పాలి. వాడు చెప్పకముందే గుచ్చానంటే మళ్ళీ నా దగ్గరికి రాడు.” పేషెంట్ల గురించి చెబుతున్నాడనుకుని పడీపడీ నవ్వేవాణ్ణి. వాడూ నవ్వేవాడు. ఛీ, నా బతుకు.

ఆసుపత్రిలో చివరి గురువారం గంటసేపు పక్కన కూర్చున్నాను. చేతికి సూదులున్నాయని వాచీ తీసి తలగడ పక్కన పెట్టారు. వాడు దాన్ని వేలితో నా వైపు కొంచెం జరిపాడు. పడిపోతుందేమోనని నేను మళ్ళీ లోపలికి జరిపాను. షట్టరుకు రంగు వేయించానని చెప్పాను. ఏ రంగో కూడా చెప్పాను.

ఇవాళ వెనక గదిలో స్టూలు చప్పుడు చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది.

జూన్ 19, బుధవారం

మా ఆవిడకు మొత్తం చెప్పాను. అంతా విని, “ఇప్పుడు నాకెందుకు చెబుతున్నారు? ఆ వాచీ కట్టుకుంది నేనా?” అంది. మళ్ళీ తనే, “రేపు వెళ్ళండి. ఇస్త్రీ చొక్కా తీసి పెడతాను” అంది.

జూన్ 20, గురువారం

వెళ్ళాను. నాలుగింటికి.

వాళ్ళ ముందుగదిలో డాక్టరు కుర్చీ ఇంకా కిటికీ పక్కనే ఉంది. ఆవిడ నన్ను ఎదురుగా సోఫాలో కూర్చోబెట్టింది. అమ్మాయి డ్యూటీలో ఉందట. వాచీ మధ్యలో బల్ల మీద పెట్టాను, డైలు పైకి వచ్చేలా.

“అయిపోయిందా అన్నయ్యగారూ?”

“చెయ్యలేదమ్మా. నీకో మాట చెప్పాలి” అన్నాను.

చెప్పాను. దూదిపుల్ల, లంగరు, పది రోజులు, నవ్వడం, చేప గుర్తు, బాబాయి దగ్గర మళ్ళీ అబద్ధమాడటం, అన్నీ. కంపెనీకి వద్దని నేను చెప్పిన కారణాలు అబద్ధాలు కావు గాని, నేను వాటిని చెప్పింది మాత్రం నా తప్పు బయటపడకూడదనే అని కూడా చెప్పాను. ఆవిడ మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వాలన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు.

చాలాసేపు వాచీనే చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

“గురువారం మీ దగ్గర్నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఒక మాట అనేవారు. ‘ఇవాళ కూడా చెప్పలేదు’ అని. ఎవరండీ, ఏం చెప్పలేదు అంటే, ‘ఏం లేదులే, అన్నం పెట్టు’ అనేవారు. ఎవరో పేషెంటు గురించి అనుకున్నాను. ఏళ్ళ తరబడి అదే మాట. ఒక్కోసారి నేనే ముందు అనేదాన్ని, వేళాకోళానికి, ‘ఏం, ఇవాళ కూడా చెప్పలేదా?’ అని.”

నేను తల దించుకున్నాను.

“ఆసుపత్రిలో మీరు చూసి వెళ్ళాక కూడా అన్నారు. అప్పటికి మాట సరిగ్గా రావట్లేదు. నా చెయ్యి పట్టుకుని లాగారు. మంచినీళ్ళేమోనని చెవి దగ్గర పెట్టి విన్నాను. అదే మాట.”

ఏడ్చాను. అరవై ఏళ్ళవాణ్ణి, పరాయి ఇంట్లో, చొక్కా చేతులతో మొహం తుడుచుకుంటూ. ఆవిడ ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి ఒక కాగితం, పెన్ను తెచ్చింది. కంపెనీ ఫారం. కూతురు సగం నింపి ఉంచింది, నేను వద్దనక ముందు.

“కంపెనీకే పంపిస్తాను” అంది.

“మంచిదేనమ్మా. అక్కడ బాగా చేస్తారు.”

“బాగా చేస్తారని కాదు. వాళ్ళెవరో నాకు తెలీదు. అందుకని.”

ఫారంలో ఒక గడి మీద వేలు పెట్టింది. ‘గతంలో బయట ఎక్కడైనా మరమ్మతు జరిగిందా? జరిగితే వివరాలు.’ మూడు గీతలే ఉన్నాయి. పెన్ను నా చేతిలో పెట్టింది.

రాశాను. నా పేరు, షాపు పేరు, ఏం జరిగిందో, ఎవరి తప్పో. మూడు గీతలు చాలలేదు. కాగితం తిప్పి వెనక రాశాను. డైలు గురించి మొదలుపెట్టినవాణ్ణి, గురువారాల దాకా రాసేశాను. కంపెనీవాళ్ళకు అది దేనికి? అయినా చెయ్యి ఆగలేదు. కింద సంతకం పెట్టి ఆవిడకు ఇచ్చాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదవడం మొదలుపెట్టింది. చిన్న పిల్లలు పాఠం చదివినట్టు ఒక్కో మాటా విడదీసి చదివింది. ఒకచోట ఆగి, “ఈ ఏడాది తప్పు. ఆయన మీకు వాచీ ఇచ్చింది అమ్మాయి కాలేజీలో చేరిన ఏడు” అంది. దిద్దాను. మళ్ళీ మొదటినుంచి చదివింది. నా వైపు తిరిగి కాదు. కిటికీ పక్కన కుర్చీ వైపు తిరిగి చదివింది.

చివరి వాక్యం అయ్యాక కాగితం మడిచింది.

“విన్నారుగా” అంది. నాతో కాదు.